నంగారా తూకానికి పోయింది
(సైదాబాద్‌లో జరిగిన యువజన సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ముందు కుర్చీలన్నీ ఖాళీగా పెట్టి మా పిల్లలు వెనక గోడకు ఆనుకొని నిలబడ్డారు. పాత వాయిద్యాల గొప్పతనం గురించి మాట్లాడమన్నారు. గొప్పతనం తర్వాత చెప్తాను. ముందు మా ఇంట్లో జరిగిన సంగతి ఒకటి చెప్తాను.

మా తాండా దేవరకొండ అవతల. మేం బతకడానికి సింగరేణి కాలనీకి వచ్చినప్పుడు మా తాత తన నంగారాను కూడా వెంట తెచ్చుకున్నాడు. పెద్ద రాగి బాన, పైన తోలు. ఇల్లంటే ఒకటే గది. వానకు నీళ్లు లోపలికొస్తే నంగారా మంచం మీద, మేం గడప మీద. ఒకరోజు బాపు దాన్ని పాత సామాన్ల బండివాడికి తూకానికి ఇచ్చేశాడు. తోలు కోసి అక్కడే పారేసి, రాగి మాత్రం తూచుకున్నాడు బండివాడు. ఆ డబ్బుతో బాపు నా స్కూలు ఫీజు కట్టాడు. అందుకే ఆయన్ని ఒక్క మాట అనే హక్కు నాకు లేదు.

తాత కూడా ఏమీ అనలేదు. ఆ ఏడు తీజ్‌కు తాండాకు పోయాం. ఆడపిల్లలు గోధుమ మొలకల బుట్టల చుట్టూ పాట ఎత్తుకున్నారు. తాత చేతులు తొడ మీద దెబ్బ వేస్తూనే ఉన్నాయి. ఒక్క దెబ్బ తప్పలేదు. అప్పుడు నాకు పదమూడేళ్లు. పక్కనే కూర్చొని కూడా నేర్చుకోలేదు. ఆ తర్వాత రెండేళ్లకు తాత పోయాడు. నంగారా అయితే ఇంకోటి చేయించుకోవచ్చు, ఆ చేతులు ఎక్కడ దొరుకుతాయి?

ఇప్పుడు రబాబ్ సంగతి. ఇక్కడున్నవాళ్లలో ఎంతమంది రబాబ్ చూశారు? చేతులెత్తండి. మూడు. మూడూ తెల్ల జుట్టు చేతులే.

మన గోర్ బోలికి సొంత లిపి లేదు. రాఠోడ్లకు 27 పాడలు, పమార్లకు 12, చౌహాన్లకు 6 అని పెద్దలు చెప్తారు. ఎవరు ఏ పాడ, ఎవరింటికి పిల్లనివ్వొచ్చు, ఎవరు అన్నదమ్ముల వరస, ఇదంతా ఏ రిజిస్టర్‌లో ఉండేది? ఢాడీ గొంతులో, ఆయన రబాబ్ మీద. నా చిన్నప్పుడు మా తాండాకు వచ్చే ఢాడీ తాతను రబాబ్ పక్కన పెట్టి ఊరికే నోటితో చెప్పమంటే నాలుగు పేర్ల తర్వాత ఆగిపోయేవాడు. తీగ మీటితే మళ్లీ అందుకునేవాడు. ఆ పేర్లన్నీ ఆయన ఆ వరసతోనే నేర్చుకున్నాడు మరి. వాయిద్యం పోతే సంగీతం ఒక్కటే పోతుందనుకుంటాం. మన విషయంలో దాంతో పాటు రికార్డు రూమ్‌కు నిప్పంటుకున్నట్టే.

ఇది మనకొక్కరికే కాదు. ఆదిలాబాద్ గోండులకు పర్ధాన్లు ఉన్నారు, తోటీలు ఉన్నారు. వాళ్ల చేతిలో కిక్రి. మూడు తీగలు, గుర్రపు వెంట్రుకల కమాను. (మనకు మలక్‌పేట రేస్‌కోర్సు పక్కనే ఉంది, కమానుకు వెంట్రుకల కరువు లేదు.) 1940లలో మార్లవాయిలో ఉండి గోండుల గురించి రాసిన హైమన్‌డార్ఫ్‌కు గోండు దేవతల కథలు పర్ధాన్ల పాటల్లోనే దొరికాయి. గోండులు చెప్పుకొనే ఒక కథ ఉంది. కచార్‌గఢ్ గుహలో వాళ్ల మూలపురుషులైన పిల్లల్ని బంధించి పెద్ద బండ అడ్డం పెట్టారట. హీరాసుకా అనే వాద్యకారుడు తన తీగ వాయిద్యం వాయించి వాళ్లలో బలం నింపాడు. పిల్లలు లోపలి నుంచి బండను తోసేశారు. ఆ బండ కింద పడి హీరాసుకా చనిపోయాడు. జాతిని బయటికి తెచ్చినవాడు వాద్యకారుడు, ముందు పోయినవాడు కూడా వాడే. ఈ కథ మొదటిసారి విన్నప్పుడు నాకు మా ఢాడీ తాత గుర్తొచ్చాడు.

భద్రాద్రి కోయలకు డోలీలు ఉన్నారు. సకిని రామచంద్రయ్య గారు డోలు మీద సమ్మక్క సారలమ్మల కథను, కోయ వంశాల చరిత్రను పాడేవారు. 2022లో పద్మశ్రీ వచ్చింది, 2024లో ఆయన పోయారు. అదే 2022లో కిన్నెర మొగులయ్య గారికీ పద్మశ్రీ వచ్చింది. ఆయన గిరిజనుడు కాదు, డక్కలి. వెదురు కర్ర, సొరకాయ బుర్రలు, పన్నెండు మెట్లు, కొసన ఒక పిట్ట. ఆ కిన్నెర మీదే పండుగ సాయన్న కథ బతికింది. ‘భీమ్లా నాయక్’ సినిమా పాట రాకముందు మీలో ఆ పేరు విన్నవాళ్లు ఎందరు? బిరుదు వచ్చిన రెండేళ్లకు ఆయన కూలి పనికి పోతున్నాడని పేపర్లో ఫొటో వచ్చింది. దండ వేయడం వేరు, నెల నెలా బియ్యం వేరు.

ఇక్కడ ఒక చేదు మాట చెప్పాలి, పెద్దలు కోపం తెచ్చుకోవద్దు. ఢాడీని మనం ఎక్కడ కూర్చోబెట్టాం? మన వంశం పాడించుకున్నాం, భోజనం మాత్రం వేరే పెట్టాం. గోండులు పర్ధాన్లను, తోటీలను తమకంటే ఒక మెట్టు కిందనే చూశారు. డక్కలివాళ్ల పరిస్థితి ఇంకా ఘోరం. తక్కువ చూపు చూసే పనిని ఏ కొడుకు నేర్చుకుంటాడు? ఆటో తోలితే కనీసం "అన్నా" అంటారు. వాయిద్యాలు పోవడానికి టీవీ, డీజే కారణమని అందరం తిట్టుకుంటాం. నన్నడిగితే డీజే బండి చాలా ఆలస్యంగా వచ్చింది, ఇల్లు ఖాళీ అయ్యాక.

పట్నం వచ్చాక ఇవన్నీ ఎలా కుదురుతాయి అంటారా? ఇక్కణ్ణుంచి కాస్త దూరంలోనే బార్కస్ ఉంది. నిజాం ఫౌజులో పని చేయడానికి అరబ్బు దేశం నుంచి వచ్చిన చావుష్‌లు, ఆఫ్రికా మూలాల సిద్దీలు తమ మర్ఫా డోళ్లను వదిలిపెట్టలేదు. మనకన్నా ఎంతో దూరం నుంచి వచ్చినవాళ్లు వాళ్లు. పెళ్లి బరాత్‌లో, గణేశ్ నిమజ్జనంలో మీరు ఎగిరే తీన్మార్ ఆ మర్ఫా దెబ్బ నుంచి వచ్చిందే. వాళ్ల దెబ్బను హైదరాబాద్ మొత్తం నేర్చుకుంది. మన నంగారా దెబ్బ సైదాబాద్ దాకా కూడా రాలేదు.

విలువ అంటే డబ్బు లెక్క కావాలనేవాళ్ల కోసం ఒకటి. ఇటలీలో స్ట్రాడివారి అనే ఆయన 1721లో చేసిన వయొలిన్ ఒకటి 2011లో 1 కోటి 59 లక్షల డాలర్లకు అమ్ముడైంది. జపాన్ సునామీ బాధితుల కోసం అమ్మారు. ఆ ధరలో సగం కట్టె నాణ్యతదైతే, సగం కాగితానిది. ఎవరు చేశారు, ఎవరి చేతి నుంచి ఎవరి చేతికి వచ్చింది అన్నది రాసి ఉంది. మా తాత నంగారాకు అలాంటి కాగితం ఒక్కటున్నా బాపు రెండోసారి ఆలోచించేవాడేమో. ఈ మధ్య షోకేసుల్లో పెట్టుకోవడానికి తాండాల్లో తిరిగి పాత థాళీలు, డోళ్లు కొనేవాళ్లు వస్తున్నారు. వాళ్లకు దాని ధర తెలుసు, మనకు తెలియదు.

అందుకని మీతో ఒక పని ఉంది. ఈ దీపావళికి తాండాలకు పోతారు కదా, మేరా అడగడానికి. అటక మీద చూడండి. వాయిద్యం దొరికితే చింతపండు పెట్టి తోమకండి. ప్లాస్టిక్ కవరులో కట్టకండి, తేమ పట్టి తోలు కుళ్లుతుంది. మండే ఎండలో పెట్టకండి, పగులుతుంది. తీగలుంటే కొంచెం వదులు చేసి, గాలి ఆడే చోట గుడ్డలో చుట్టి పెట్టండి. ఎవరిది, ఎవరు చేశారు, చివర ఎవరు వాయించారు, ఒక చీటీ రాయండి. వాయించగలిగిన మనిషి ఇంకా ఉంటే ఫోన్‌లో వీడియో తీయండి. ముఖం కాదు, చేతులు కనిపించాలి. ఒక్క పాట తీసి స్టేటస్ పెట్టి ఊరుకోవద్దు. నెమ్మదిగా ఒక్కో దెబ్బ వేసి చూపించమనండి. వాయించినందుకు ఆ మనిషి చేతిలో డబ్బు పెట్టండి, పక్కన కూర్చోబెట్టుకొని తినండి. మాసబ్ ట్యాంక్‌లో నెహ్రూ శతాబ్ది గిరిజన మ్యూజియం ఉంది, ఒక రోజు కలిసి పోదాం. అద్దం వెనక ఉన్నవాటిని చూసొస్తే అద్దం బయట ఏం మిగిలిందో మీకే లెక్క తెలుస్తుంది.

నా దగ్గర నంగారా లేదు. దాంతో పాటు మోగిన కంచు థాళీ మాత్రం యాడీ దాచింది, అన్నం తినే పళ్లెం అనుకొని బండివాడు దాని జోలికి పోలేదు. ఇవాళ తెచ్చాను. మా తాండా పెద్దాయన ఒకరి దగ్గర నాలుగు నెలలుగా నేర్చుకుంటున్నాను, తప్పులు పోతాయి. వెనక నిలబడ్డ తమ్ముళ్లు కొంచెం ముందుకు రండి. ఎవరన్నా ఆ ఫ్యాన్ ఆపండి, దీని చివరి మోత సన్నగా ఉంటుంది.