పెద్దది కావాలి, తేలిగ్గా ఉండాలి, అరగకూడదు
(పూర్వ విద్యార్థుల సంఘం స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

"ఇన్నేళ్ళు అమెరికాలో ఇంజనీరుగా చేశావు, నాలుగు మంచి మాటలు చెప్పు" అన్నారు కార్యదర్శిగారు. విజయరహస్యాలు నా దగ్గర లేవు. డబ్బు తగలేసి నేర్చుకున్న సంగతి మాత్రం ఒకటుంది. అది టైర్ల గురించి. నవ్వకండి, ఆ పాఠం మొదలైంది ఈ బడి వరండాలోనే.

ఎనిమిదో తరగతిలో మా సైన్సు మాస్టారు సైకిలు చక్రం మీద సుద్దముక్కతో గీత పెట్టి, వరండాలో ఒక్క చుట్టు దొర్లించి, ఎంత దూరం వెళ్ళిందో టేపుతో కొలిపించారు. ఇంకోరోజు వాలుగా పెట్టిన బల్ల మీంచి ఒక రింగును, అంతే బరువున్న బిళ్ళను ఒకేసారి వదిలారు. బిళ్ళే ముందు దిగింది. "బరువెంత అన్నదే కాదురా, బరువు ఎక్కడుంది అన్నది కూడా చూడాలి" అన్నారు. పరీక్షలో రాశాను, మార్కులొచ్చాయి, మరిచిపోయాను.

నేనుండేది కాలిఫోర్నియాలో. నాకొక టయోటా టకోమా పికప్ ట్రక్కు ఉంది. ఒక డిసెంబరులో నాన్నగారు మా దగ్గరికి వచ్చినప్పుడు డెత్ వ్యాలీ తీసుకెళ్ళాను. అక్కడ రేస్‌ట్రాక్ ప్లాయా అని ఎండిపోయిన చెరువు ఉంది. దాని మీద రాళ్ళు వాటంతటవే కదిలినట్టు జాడలుంటాయి. లోతులేని నీటి మీద పలచగా పేరుకున్న మంచు పలకలు కరుగుతూ, గాలికి జరుగుతూ రాళ్ళను నెడతాయని 2014లో శాస్త్రవేత్తలు ప్రచురించారు. అది నాన్నగారికి చూపించాలని నా ఉబలాటం. ఉబెహీబీ అగ్నిబిలం నుంచి అక్కడికి 27 మైళ్ళు, అంటే 43 కిలోమీటర్లు. దారంతా రేకు ముడతల్లాంటి గతుకులు, మొనదేలిన రాళ్ళు. ఫోను సిగ్నలు ఉండదు.

వెళ్ళేటప్పుడే ఒక టైరు పక్కగోడ రాయి కోసుకుని చీలిపోయింది. పక్కగోడ చీలితే పంక్చరు వేసేదేమీ ఉండదు. స్టెప్నీ మార్చాను. రాళ్ళు చూడకుండానే వెనక్కి తిప్పాను. పొద్దు వాలుతోంది, చలి పెరుగుతోంది. నాన్నగారు షుగరు పేషెంటు. ఇంకో టైరు పోతే రాత్రంతా అక్కడే. ఎదురుపడ్డ ప్రతి రాయినీ తప్పిస్తూ, నడక కన్నా కాస్త వేగంగా నడిపాను. తారురోడ్డు ఎక్కాక నాన్నగారు ఒక్కమాటన్నారు: "ఒరేయ్, దారెలాంటిదో అడగకుండా బండి కట్టావేంరా?"

తప్పు టైర్లది కాదు. అవి ఊళ్ళో రోడ్ల కోసం చేసినవి. వాటి సైజు 265/70ఆర్16. అంటే వెడల్పు 265 మిల్లీమీటర్లు, గోడ ఎత్తు అందులో 70 శాతం, రిమ్ము 16 అంగుళాలు. లెక్కేస్తే టైరు మొత్తం ఎత్తు 777 మిల్లీమీటర్లు.

ఇంటికొచ్చాక పట్టుదలకు పోయాను. 285/75ఆర్16, 10 ప్లై టైర్లు వేయించాను. ఎత్తు 834 మిల్లీమీటర్లు. చూడ్డానికి బండి ఏనుగులా ఉంది. వారం తిరక్కుండా బాధలు మొదలయ్యాయి. స్టీరింగు పూర్తిగా తిప్పితే టైరు లోపల రాసుకునేది. స్టెప్నీ పెట్టే చోట ఆ సైజు పట్టలేదు. పాత చిన్న టైరునే స్టెప్నీగా ఉంచుదామా అంటే, నాలుగు చక్రాలూ లాగే బండికి సైజు తేడా ఉన్న టైర్లు కలిపితే లోపలి గేర్లు దెబ్బతింటాయి. మైలేజీ గ్యాలనుకు 19 నుంచి 16కి పడినట్టు కనిపించింది.

అప్పుడు మాస్టారి సుద్దగీత గుర్తొచ్చింది. చక్రం పెద్దదైతే ఒక్కో చుట్టుకు ఎక్కువ దూరం పోతుంది, మీటరుకు ఆ సంగతి తెలియదు. 834ను 777తో భాగిస్తే 1.073. మీటరు 100 చూపిస్తే నిజంగా పోయేది 107. అంటే 16 కాదు, 17.2. తగ్గింది మూడు మైళ్ళు కాదు, రెండుకు కాస్త లోపు. మైలేజీ భయం కొంత తగ్గింది కానీ, తెలియకుండా అతివేగంగా నడుపుతున్నానన్న భయం పట్టుకుంది.

తర్వాత రింగు, బిళ్ళ గుర్తొచ్చాయి. పాత టైరు సుమారు 17 కిలోలు, కొత్తది సుమారు 25. నాలుగింటికీ 32 కిలోలు తేడా. టైరు బరువంతా దాదాపు అంచునే ఉంటుంది, అచ్చం రింగులాగ. బండి వేగం అందుకునేటప్పుడు ఆ బరువును ముందుకు నెట్టాలి, గుండ్రంగా తిప్పాలి కూడా. కాబట్టి ఒక కిలో దాదాపు రెండు కిలోల పని చెబుతుంది. పైగా పెద్ద చక్రం వల్ల రోడ్డు మీద లాగుడు సుమారు 7 శాతం తగ్గింది. బ్రేకుకూ అదే లెక్క: అంతే గట్టిగా తొక్కితే పట్టు ఆ మేరకు తగ్గుతుంది.

ఇంత చేస్తే నేల నుంచి బండి లేచిందెంత? పెరిగిన ఎత్తులో సగం, 28 మిల్లీమీటర్లు. రెండు వేళ్ళ మందం కూడా లేదు!

మరి ఎక్కువకాలం మన్నడం సంగతి? టైరు మీద ట్రెడ్‌వేర్ 600 అని ఉంటే 60 వేల మైళ్ళు వస్తుందని కాదు. 100 అని పెట్టుకున్న ఒక ప్రామాణిక టైరుతో పోలిక మాత్రమే. లైట్ ట్రక్ టైర్లకు ఆ అంకె ఉండాలన్న నియమం కూడా లేదు. లోతైన గాడులుంటే ఎక్కువకాలం వస్తుంది, బరువూ పెరుగుతుంది. గట్టి రబ్బరు నెమ్మదిగా అరుగుతుంది, తడిరోడ్డు మీద పట్టు తగ్గొచ్చు. ఏదో ఒకటి వదులుకోకుండా ఇంకొకటి రాదు.

చివరికి కాగితం తీసుకుని, ఏడాదిలో నా బండి ఎక్కడెక్కడ తిరుగుతుందో రాశాను. పదోవంతు కూడా రాళ్ళదారి లేదు. 265/75ఆర్16, 6 ప్లై తీసుకున్నాను. ఎత్తు 804, బరువు సుమారు 21 కిలోలు. వేగంలో తేడా మూడున్నర శాతం లోపే. గోడ ఊళ్ళో టైరు కన్నా గట్టిది. పదిప్లైకున్నంత బలం దీనికి లేదు, అది తెలిసే వదులుకున్నాను. ఈసారి నాలుగు కాదు, అయిదు కొన్నాను. రెండేళ్ళ తర్వాత నాన్నగారితో ఆ దారిలోనే మళ్ళీ వెళ్ళాను. గాలి కాస్త తగ్గించుకుని, నెమ్మదిగా నడిపి, తారురోడ్డు ఎక్కగానే మళ్ళీ నింపాను. ఆయన రాళ్ళ జాడలు చూశారు. టైరును కాలితో ఒకసారి తట్టి, "ఇది పరవాలేదు" అన్నారు. అంతకు మించిన సర్టిఫికెట్టు నాకింకెవరూ ఇవ్వలేదు.

ఇక్కడ బొలేరోలు, జీపులు ఉన్నవాళ్ళు చాలామంది ఉన్నారు. పెద్ద టైర్లు వేయించే ముందు నాలుగు సంగతులు చూసుకోండి. కంపెనీ ఇచ్చిన టైరు కన్నా బరువు మోసే సూచిక తగ్గకూడదు. స్టీరింగు ఈ చివర నుంచి ఆ చివరకు తిప్పి రాసుకుంటోందేమో చూడండి. టైరు గోడ మీద చివరి నాలుగంకెలు చదవండి: 3522 అంటే 2022లో 35వ వారం తయారు. స్టెప్నీ కూడా అదే సైజు ఉండాలి.

పిల్లలూ, సుద్దగీత పాఠం మార్కులకే అనుకోకండి. మా మాస్టారు ఈరోజు ముందు వరుసలోనే కూర్చున్నారు. మాస్టారూ, ఆ రోజు బిళ్ళ ముందెందుకు దిగిందో నాకు పూర్తిగా అర్థమవడానికి పాతికేళ్ళు పైనే పట్టింది. ఆలస్యానికి మన్నించండి.