అక్షరాభ్యాసం తరువాత

(వ్యాసపూర్ణిమనాడు దేవస్థానం కల్యాణమండపంలో జరిగిన దాతల సమావేశంలో చేసిన ప్రసంగపాఠం)



నేడు వ్యాసపూర్ణిమ. ఈనాడు మాట్లాడేవాడు భారతాన్ని గురించో, బ్రహ్మసూత్రాలను గురించో చెబుతాడని మీరు ఎదురుచూడటం సహజం. కార్యనిర్వహణాధికారిగారు మాత్రం, ఈ వేసవిలో మన ఆలయ ముఖమండపంలో నడిచిన బాలల పుస్తకపఠన గోష్ఠిని గురించి చెప్పవలసిందిగా కోరారు. చూడటానికి అది చిన్న విషయమే. 32 మంది పిల్లలు, 40 రోజులు, వందలోపు పుస్తకాలు. అయినా 74 ఏళ్ల వయస్సులో నాకు ఒక పాఠం నేర్పిన విషయం గనుక అంగీకరించాను.

ఏటేటా వసంతపంచమికి, విజయదశమికి మన ఆలయంలో అక్షరాభ్యాసాలు జరుగుతాయి. తల్లి ఒడిలో బిడ్డను కూర్చుండబెట్టి, పళ్లెంలో బియ్యం పరచి, చిట్టివేలు పట్టుకొని ఓంకారం దిద్దిస్తాము. పలక, బలపం చేతికిచ్చి ఆశీర్వదిస్తాము. గోదావరీతీరాన బాసర క్షేత్రంలో జ్ఞానసరస్వతీ సన్నిధిని ఇదే పుణ్యకార్యం నిత్యమూ జరుగుతూ ఉంటుంది. మన సంప్రదాయంలో ఇంత అందమైన సంస్కారం మరొకటి లేదని నా భావం. కాని ఆ బిడ్డ అటుపైన చదువుతున్నాడా లేదా అని మనం ఎన్నడైనా అడిగామా? అన్నప్రాశన చేసి అంతటితో ఊరుకునే తల్లి ఉంటుందా? మరునాటి నుండి ముద్దలు కలిపి పెట్టవద్దా?

ఈ ఆలోచన నాకు ఎలా కలిగిందో మనవి చేస్తాను. గత మాఘమాసంలో ఒకనాడు, "చెప్పులు ఇచ్చట విడువరాదు" అన్న పలక క్రిందనే ఒక కుర్రవాడు చెప్పులు విడిచాడు. నాలుగో తరగతి చదివే వయస్సువాడు. "ఎదురుగా వ్రాసి ఉన్నది కదా నాయనా, చూడలేదా?" అని మందలించాను. వాడు పలకవైపు కొంతసేపు చూచి, "నాకు తెలుగు చదవటం సరిగా రాదండీ" అన్నాడు. వాడి తండ్రి నవ్వాడు. నేనూ నవ్వాను. ఇంటికి వచ్చిన తరువాత ఆ నవ్వు నన్ను బాధించింది.

ధర్మకర్తలు దయతో ముఖమండపం ఇచ్చారు. ప్రాతఃకాల హారతి ముగిశాక, ఎండ ముదరకముందే, 7 గంటల నుండి 8.30 వరకు సమయం నిర్ణయించాము. రెండు నుండి అయిదవ తరగతి వరకు చదివే పిల్లలు రావచ్చునన్నాము. విశ్రాంత ఉపాధ్యాయినులు ఇద్దరు, డిగ్రీ చదివే ఒక అమ్మాయి తోడు నిలిచారు. పుస్తకాలు కావాలని భక్తులకు విన్నవించగా మూడు గోనెసంచులు వచ్చాయి. విప్పి చూస్తే పోటీపరీక్షల గైడ్లు, గడచిన సంవత్సరాల పంచాంగాలు, యోగవాసిష్ఠ వ్యాఖ్యానం! ఇచ్చినవారి భక్తిని శంకించను. కాని ఎనిమిదేళ్ల పిల్లవానికి పనికివచ్చేవి వాటిలో పదకొండే తేలాయి. దేవస్థానం మంజూరు చేసిన సొమ్ముతో నేషనల్ బుక్ ట్రస్టు వారి పిల్లల పుస్తకాలు, పంచతంత్ర కథలు, రామాయణ భారతాల బొమ్మల పుస్తకాలు కొన్నాము. ఒక భక్తురాలు తాము దాచుకొన్న పాత చందమామలు ఇచ్చారు. మొత్తం 86 అయినాయి.

ఇక నా పొరపాటు వినండి. నేను పాఠశాలలో గురుముఖతః చదివినవాణ్ణి. శబ్దమంజరి, అమరకోశం, రఘువంశం, అన్నీ సంత చెప్పుకొని వల్లెవేసినవే. ఆ పద్ధతే ఇక్కడా పెట్టాను. అందరికీ ఒకే కథ. నేను చదవటం, వారు అనటం, ఆపైన ప్రశ్నలు. జవాబు రానివాడు నిలబడాలి. ఎనిమిదవనాటికి 32 మంది 19 మందికి దిగారు. వచ్చేవారైనా గోష్ఠి ముగిశాక పెట్టే దద్ధోజనం కోసమే వస్తున్నారని నాకు కష్టం కలిగింది. ఆ మాట మన వృద్ధ అర్చకస్వామితో అన్నాను. ఆయన విభూతిపళ్లెం తుడుస్తూ, "శాస్త్రిగారూ, చలివేంద్రంలో నీళ్లు పోస్తూ, త్రాగినవాణ్ణి ప్రశ్నలు అడుగుతామా?" అన్నారు.

ఆ మరునాడు పద్ధతి మార్చాము. పుస్తకాలన్నీ చాపమీద పరచి, ఎవరికి నచ్చినది వారు తీసుకోవచ్చునన్నాము. నచ్చకపోతే సగంలో పెట్టివేయవచ్చును. మొదటి పావుగంట పెద్దలలో ఒకరు బిగ్గరగా కథ చదవాలి. తరువాత అరగంట ఎవరి పుస్తకం వారిది. పెద్దలూ ఆ సమయంలో తమ పుస్తకం తాము చదువుకోవాలే గాని కాపలా తిరగరాదు. మిగిలిన సమయంలో ఇద్దరిద్దరు కూర్చుని ఒకరికొకరు చదువుకోవాలి. రోజుకొక పుస్తకం ఇంటికి తీసుకుపోవచ్చును. దాని పేరు, తన పేరు పిల్లవాడే చిట్టాలో వ్రాయాలి. ప్రశ్నలు మానివేశామా అంటే, లేదు. బేతాళ కథ చివర ప్రశ్న ఉంటుంది కదా. అటువంటివి ఉంచుకొన్నాము. "నీవైతే ఏం చేసేవాడివి?" అన్న ప్రశ్నకు తప్పు జవాబు లేదు. జవాబు చెప్పకపోతే తల పగులుతుందన్న భయం మాత్రం తీసివేశాము. మొదటి వారం నేనే బేతాళుణ్ణయ్యానని అప్పుడు తెలిసింది. పదిహేను రోజులలో పిల్లలు తిరిగి 30 మంది అయినారు.

ఇప్పుడు నేను ముఖ్యంగా చెప్పదలచిన సంగతి. వారానికి ఒకసారి ప్రతి బిడ్డా నా ప్రక్కన కూర్చుని తనకు నచ్చిన పుట చదివి వినిపించేవాడు. మూడో తరగతి కుర్రవాడొకడు మిత్రలాభ కథ తెచ్చాడు. కాకి, ఎలుక, తాబేలు, లేడి చేసిన స్నేహం. ఎక్కడా తడబడకుండా, స్పష్టమైన ఉచ్చారణతో పుటంతా అప్పగించాడు. నాకు ఆనందం ఆగలేదు. అందరినీ పిలిచి, "చదివితే ఇలా చదవాలి" అని, స్వామివారి పూలమాల తెప్పించి వాడి మెడలో వేయించాను. వాడు తల దించుకొన్నాడు. అది వినయమనుకొన్నాను.

మరునాడు వాడి అక్క, అయిదో తరగతి పిల్ల, అందరూ వెళ్లేదాకా స్తంభం ప్రక్కన నిలబడి ఉన్నది. "పంతులుగారూ, మా తమ్ముడికి చదవటం రాదండీ. రాత్రి నేను చదివి వినిపిస్తే కంఠస్థం చేశాడు. మీరు మాల వేశాక ఇంటికొచ్చి ఏడ్చాడు. ఇక రానంటున్నాడు" అన్నది.

అప్పుడు నాకు జ్ఞప్తికి వచ్చింది. వాడి వేలు ఒక పంక్తిమీద ఉంటే నోరు మరొక పంక్తి చెబుతున్నది. నేను చూచాను, కాని గమనించలేదు. ఎందుకు గమనించలేదు? పాణినీయశిక్ష ఆరుగురు పాఠకాధములను లెక్కపెట్టింది. వ్రాత చూచి చదివేవాడు వారిలో ఒకడు. వేదపాఠం విషయంలో అది ఎంతైనా యుక్తం. ఆ సంస్కారంలో పెరిగిన నాకు, చూడకుండా చెప్పటం గొప్పగా తోచింది. కాని అదే జాబితాలో అర్థం తెలియక చదివేవాడు కూడా ఉన్నాడు. ఆ భాగాన్ని నేను ఇతరులకు బోధించానే గాని నాకు అన్వయించుకోలేదు.

అంతకంటె పెద్ద బాధ మరొకటి. నేను 34 సంవత్సరాలు ఉన్నత పాఠశాలలలో తెలుగు, సంస్కృతం బోధించాను. పద్యం ఒప్పచెప్పినవాణ్ణి మెచ్చుకొన్నాను. పుస్తకం తెరిస్తే నసిగేవాణ్ణి సోమరి అన్నాను, మొద్దు అన్నాను, బెంచీ ఎక్కించాను. వారిలో ఎందరు ఈ పిల్లవానివలె లోపల దాచుకొన్నారో! ఆ బాలురు నేడు యాభయ్యేళ్ల గృహస్థులు. వారిని వెదకి క్షమాపణ చెప్పుకోలేను. ఈ పిల్లవాని ఇంటికి మాత్రం ఆ సాయంత్రమే వెళ్లాను.

అందరిలో వాడి గుట్టు విప్పలేదు. సాయంకాలం దీపారాధనకు ముందు, ప్రాకారం అరుగుమీద మేమిద్దరమే కూర్చునేవాళ్లము. వాడి జ్ఞాపకశక్తిని తప్పుపట్టక, దానినే ఊతగా తీసుకొన్నాము. కథ నోటికి వచ్చు కదా. "కాకి అన్న మాట ఈ పుటలో ఎక్కడున్నదో చూపించు" అనేవాణ్ణి. ఒక మాట దొరికేది. అదే మాట మరొక పంక్తిలో దొరికితే వాడి ముఖం వెలిగేది. ఆ తరువాత గుణింతాలు, ఆపైన ఒత్తులు. 'మిత్ర'లోని క్రావడి దగ్గర రెండు రోజులు ఆగాము.

ఆగామన్నాను కదా, ఈ పర్వదినాన ఒక కథ గుర్తుచేసుకొందాము. భారతం వ్రాయటానికి పూనుకొన్న గణపతి, తన గంటం ఆగకూడదని నియమం పెట్టాడట. అర్థం తెలిసికొన్న పిమ్మటనే వ్రాయాలని వ్యాసభగవానుడు ప్రతినియమం పెట్టాడట. క్లిష్టమైన శ్లోకం వచ్చినప్పుడల్లా విఘ్నేశ్వరుడంతవాడు క్షణమాత్రం ఆగి ఆలోచించవలసి వచ్చింది. విద్యాధిదేవతకే ఆగటం తప్పలేదు. ఎనిమిదేళ్ల బిడ్డ ఒక ఒత్తు దగ్గర ఆగితే మనం ఎందుకు తొందరపడాలి? ఆగనివ్వండి. ప్రక్కన కూర్చోండి. మాట అందించటానికి ఆత్రపడకండి.

ముగింపునాడు పోటీలు, బహుమతులు వద్దనుకొన్నాము. ప్రతి బిడ్డా చదువురాని పెద్దలకో, చూపు ఆనని పెద్దలకో ఒక కథ చదివి వినిపించాలని నిర్ణయించాము. ఈ కుర్రవాడు రాజగోపురం దగ్గర పూలమ్మే మామ్మను ఎంచుకొన్నాడు. వాడికి నోటికి రాని కొత్త కథే ఇచ్చాము. కూడబలుక్కుంటూ, ఆగుతూ, వెనక్కు వెళ్లి మళ్లీ అందుకొంటూ ఆరు పంక్తులు చదివాడు. చెమట పట్టింది. ఇక చాలునని పుస్తకం మూయబోతే, మామ్మ పూలు కట్టటం ఆపి, "తరవాతేమైందిరా నాయనా?" అన్నది. వాడు నా వంక చూచాడు. నేను మాట్లాడలేదు. వాడు తిరిగి పుస్తకం తెరిచాడు. ఆ కథ పూర్తికావటానికి అరగంట పట్టింది. నేను ఇన్నేళ్లలో చూచిన ఏ పరీక్షా ఫలితమూ నాకు అంతటి తృప్తి ఇవ్వలేదు.

వాడు అన్నీ చదవగలుగుతున్నాడని నేను చెప్పను. ఇంకా తడుముకొంటాడు. కాని ఇప్పుడు దాచుకోవటం లేదు. బడులు తెరిచాక కూడా ఆదివారాలు వస్తున్నాడు.

దాతలారా, మన పూర్వులు గ్రంథాలయాలను దేవాలయాలవలె నిలబెట్టారు. 1914లో బెజవాడలో ఆంధ్రదేశ గ్రంథాలయోద్యమం సంఘరూపం దాల్చింది. 1918లో వేటపాలెంలో సారస్వత నికేతనం వెలసింది. మనం అంతటి కార్యం తలపెట్టనక్కరలేదు. మూడు విన్నపాలు చేస్తాను. మొదటిది, పుస్తకం ఇవ్వదలిస్తే పెద్ద అక్షరాలు, బొమ్మలు, తక్కువ పుటలు ఉన్నవి చూచి, ఒక్కొక్కటి రెండేసి ప్రతులు ఇవ్వండి. ఇద్దరు పిల్లలు కలిసి చదువుకొంటారు. రెండవది, అక్షరాభ్యాసానికి వచ్చిన ప్రతి బిడ్డకూ పలకతోపాటు ఒక బొమ్మల పుస్తకం దేవస్థానం తరఫున ఇచ్చే ఏర్పాటుకు చేయూతనివ్వండి. మూడవది ధనంతో పనిలేనిది. మీ ఇంట, మీ వీధిలో ఒక బిడ్డ ప్రక్కన రోజూ పావుగంట కూర్చోండి. మీరు చదవండి, లేదా వినండి. వినటం కూడా దానమే. ఆ పూలమ్మే మామ్మకు అక్షరం రాదు. అయినా ఒక బిడ్డకు విద్యాదానం చేసినది ఆమె.

వచ్చే వేసవికి ముఖమండపంలో చాపలు మళ్లీ పరుస్తాము. శరీరం సహకరిస్తే నేనూ ఉంటాను. మీరు యాత్రకు వచ్చినప్పుడు దర్శనానంతరం ఒక్కసారి అటు రండి. ఏ బిడ్డయినా చదువుతూ ఆగితే, ప్రక్కన కూర్చుని "తరువాత ఏమైంది?" అని అడగండి.

స్వస్తి.