మావాడు, పెరుగన్నం, మిక్సీ చప్పుడు

ఈ రోజు కోడింగ్ లేదు, ఇంటర్వ్యూ టిప్స్ లేవు. మా ఇంటి సంగతి ఒకటి చెప్తా. మాది పుత్తూరు. ఊరి పేరు చెప్పగానే "ఎముకలకి కట్టు కట్టే ఊరా?" అంటారు. అవును, ఆ పుత్తూరే. ఎముక విరిగితే ఎక్కడికి పోవాలో మా ఊర్లో చిన్నపిల్లల్ని అడిగినా చెప్తారు. అన్నం ముద్ద చూసి వణికిపోయే పిల్లోడిని ఏం చెయ్యాలో మాత్రం నాకెవరూ చెప్పలేదు.

మావాడికి నాలుగేళ్లు. పెరుగన్నం నోట్లో పెడితే వాంతి. పప్పన్నంలో టమోటా తొక్క తగిలినా వాంతి. మిక్సీ వేస్తే చెవులు మూసుకుని మంచం కిందికి దూరతాడు. చొక్కా మెడ దగ్గర ట్యాగు కత్తిరిస్తేగానీ తొడుక్కోడు. "నువ్వే గారాబం చేసి చెడగొట్టినావు" అనేది మా అత్త. ఆమెను తప్పు పట్టను. వాడిది మొండితనమే అని నేనూ అనుకున్నా.

నిరుడు ఎండాకాలం. అప్పటికింకా ఉద్యోగంలోనే ఉన్నా, ఇంటి నుంచే పని. ఆఫీసు కాల్‌కి పది నిమిషాలుంది. వాడి చేతులు రెండూ పట్టుకుని నోట్లో ముద్ద కుక్కేశా. వాడు ఏడవలేదు. నా మొహం చూస్తా ఉండిపోయాడు. తర్వాత కక్కేశాడు. ఆ రోజు నుంచి నా చేత్తో ఏం పెట్టినా తినలేదు. ఇష్టంగా తినే ఇడ్లీ కూడా మానేశాడు. పదకొండు రోజులు వాళ్ల అవ్వ ఇచ్చే దోసె, బిస్కెట్లు, అంతే. చెప్పుకోవడానికి సిగ్గుగానే ఉంది. కానీ ఇది వింటున్నవాళ్లలో ఎవరో ఒకరి చేతిలో ఈ పూట కూడా అలాంటి ముద్ద ఉంటుంది, అందుకే చెప్తున్నా.

ఆ తర్వాత నాకు అలవాటైన పనే చేశా, లాగ్ రాయడం. వాడు తిన్నది, ఊసింది అన్నీ రెండు వారాలు గూగుల్ షీట్‌లో ఎక్కించా. చూస్తే, తినేవి ఏడే ఏడు. దోసె, చట్నీ లేని ఇడ్లీ, అప్పడం, బిస్కెట్... అన్నీ పొడివి, మొదటి ముక్క నుంచి చివరి ముక్క దాకా ఒకే తీరుగా ఉండేవి. పప్పన్నం అలా కాదు కదా. ఒక ముద్దలో ఆవగింజ, ఇంకో ముద్దలో కరివేపాకు, ఇంకోదాంట్లో మిరపకాయ. బిస్కెట్ ప్యాకెట్‌లో ఆ గొడవే లేదు. నేను ఇన్నాళ్లూ రుచి మారుస్తా వచ్చా, వాడు అడుగుతున్నది గ్యారంటీ.

అమెరికాలో జీన్ ఎయిర్స్ అనే ఆక్యుపేషనల్ థెరపిస్టు 1972లోనే దీనిమీద పుస్తకం రాశారు. చర్మం, చెవి, నాలుక పంపే కబుర్లను మెదడు సర్దుకోవడంలో తేడా ఉంటే పిల్లలు ఇలా ఇబ్బంది పడతారని ఆమె చెప్పింది. మన నగరి, పుత్తూరు వైపు వాళ్లకైతే సులువుగా చెప్పొచ్చు: మనం పట్టించుకోని ఫ్యాను చప్పుడు, ఆ పిల్లలకి పవర్‌లూమ్ పక్కన కూర్చున్నట్టు. అట్లని దీన్ని వీడియోలు చూసి ఆటిజం అనేసుకోవద్దు. దీన్ని విడిగా ఒక జబ్బు పేరుతో రాయొద్దని 2012లో అమెరికా పిల్లల డాక్టర్ల సంఘం చెప్పింది. వెనక ఆటిజం, ఏడీహెచ్‌డీ, ఆందోళన లాంటివి ఏమైనా ఉన్నాయా అని ముందు చూడమంది. నేను డాక్టర్ని కాను. బరువు పెరగకపోయినా, మింగేటప్పుడు పొలమారుతున్నా, తినేవాటి లిస్టు తగ్గుతా పోతున్నా, మాటలు ఆలస్యమైనా పిల్లల డాక్టర్‌కి చూపించండి. 2013లో మొదలైన ఆర్‌బీఎస్‌కే అనే ప్రభుత్వ పథకంలో అంగన్‌వాడీలకి, ప్రభుత్వ బడులకి టీములు వచ్చి ఉచితంగా పరీక్ష చేస్తాయి. అవసరమైతే జిల్లా కేంద్రానికి పంపిస్తారు. మీ అంగన్‌వాడీ టీచర్ని అడగండి.

మా ఇంట్లో మార్చింది పెద్దగా ఏం లేదు. గడులున్న స్టీలు ప్లేటు కొన్నాం. అన్నం ఒక గడిలో, పప్పు ఒక గడిలో, ఒకదానికొకటి తగలకుండా. వాడు తినేది ఒకటి ఎప్పుడూ ఉంటుంది. కొత్తది పక్కన ఉంటుంది. ముట్టుకోవచ్చు, వాసన చూడొచ్చు, ఊసెయ్యొచ్చు, దానికో చిన్న గిన్నె. ఏం పెట్టాలి, ఎప్పుడు పెట్టాలి అనేది మాది. తినాలా వద్దా, ఎంత తినాలి అనేది వాడిది. ఎలిన్ సాటర్ అనే ఆవిడ చెప్పిన పద్ధతి ఇది. వినడానికి సులువే, నోరు మూసుకుని పక్కన కూర్చోవడమే కష్టం. దోసె పిండిలో ఒక స్పూను రాగిపిండి కలిపితే తిన్నాడు, తర్వాత రెండు. మిక్సీ స్విచ్ వాడి చేతికే ఇచ్చాం. తనే వేస్తే మంచం కిందికి పోడు. ఏడు ఇప్పుడు పన్నెండు అయ్యాయి. పెరుగన్నం ఇప్పటికీ లేదు. వడగట్టిన మజ్జిగ గ్లాసులో పోసిస్తే తాగుతాడు.

ఇంకా తేలనిది మొక్కు. మూడో ఏట తిరుమలలో పుట్టువెంట్రుకలు తీయిస్తామని మా అత్త మొక్కుకుంది. దువ్వెన తగిలితేనే అరిచేవాడిని ఆ జనంలో, తడి తలమీద కత్తి పెట్టించుకోడానికి ఎట్లా కూర్చోబెట్టాలి? వాయిదా వేశాం. ఇంట్లో పెద్ద గొడవే అయింది. ఇప్పుడు ఐదో ఏడు వస్తోంది. ఆదివారం తలస్నానానికి ముందు తడి అరచేత్తో వాడి తలని గట్టిగా అదిమి పట్టుకుంటా. మెల్లగా తాకితే ఎగిరిపడతాడు, అదిమితే కూర్చుంటాడు. మా ఆయన ట్రిమ్మర్‌ని ఆన్ చేయకుండా తలకి ఆనించి పది దాకా లెక్కపెడతాడు. మొన్న ఆరు దగ్గర "చాలు" అన్నాడు, ఆపేశాం. గడప దగ్గర కూర్చుని మా అత్త అంతా చూస్తా ఉంది. "నిదానంగానే కానీలే. స్వామి యాడికీ పోడు" అనింది.

సరే, చట్నీ వేసే టైమైంది. స్విచ్ దగ్గర నిలబడి నన్ను పిలుస్తున్నాడు. ఉంటానండి.