గృహనిర్మాణము – ఒప్పందపత్రము
(మన సంఘ వార్షిక మహాసభయందు గావించిన ఉపన్యాసము)



ఇండ్లు కట్టించి అద్దెల కిచ్చుకొనువారికి పనికివచ్చు నాలుగు మాటలు చెప్పవలసినదని కార్యదర్శిగారు నన్ను ఆదేశించిరి. నేడు మనవారిలో ననేకులు ఉద్యోగవిరమణానంతరము చేతికి వచ్చిన సొమ్మును ఇటుకలయందే నిలుపుచున్నారు. అది చెడినచో మరల గడించుటకు వయస్సు చాలదు. కావున ఈ విషయము స్వల్పమైనది కాదు.

మన సంఘమున కొక సుగుణము గలదు. అదియే యొక్కొక్కయెడ దోషముగా పరిణమించుచున్నది. కంట్రాక్టరు మనవాడైనచో "మనలో మనకు కాగితమేల?" అందుము. నోటిమాట యొప్పందము చట్టమున చెల్లనిది కాదు. దానిని రుజువు చేయుటయే దుర్ఘటము. కాగితము అవిశ్వాసమునకు గుర్తు కాదు, జ్ఞాపకమునకు ఊతకర్ర. శిల్పులు దేశకాలకార్యములను నిర్ణయించుకొని పనిచేయవలెననియు, గడువు మీరినచో వేతనమున నాలవపాలు తగ్గింపవలెననియు కౌటిల్యుడు అర్థశాస్త్రమున విధించెను. జీతము చెల్లింపని యజమానునికిని అందే దండుగ గలదు. ధర్మము ఉభయులకును సమానము.

మొదట కార్యము. చదరపు అడుగునకు ఇంత యని ధర కుదిరినంతనే తృప్తి చెందరాదు. బాల్కనీ, మెట్లగది, నీటితొట్టి, ప్రహరీగోడ ఆ కొలతలోనివా, వెలుపలివా? ధర కూలికి మాత్రమేనా, సామగ్రితో సహాయా? సిమెంటు, ఇనుము, కలప, టైల్సు ఏ రకమువి? వివాదములలో పెక్కులు ఇచ్చటనే పుట్టుచున్నవి. ప్లానును, సామగ్రిపట్టికను ఒప్పందమునకు జతపరచి, ప్రతిపుటయందును ఇరువురు సంతకము చేయవలయును. నడుమ నొక గోడ మార్చదలచినను, అదనపు ధరను ముందుగానే వ్రాసికొనవలయును.

పిదప ధనము. పునాది, లింటెలు, శ్లాబు, గిలాబు అను దశలు ముగిసిన కొలదిని కొలతలు చూచి సొమ్ము చెల్లించుట క్షేమము. పనిని మించి సొమ్ము ముందు నడచినచో పని వెనుకబడును. నూటికి ఐదో పదో వంతు ఒక వర్షకాలము గడచువరకు నిలిపియుంచుకొనుటకు షరతు వ్రాసికొనుడు. కురియు కప్పు తన సంగతి తానే చెప్పును. అయితే గడువునకు రావలసిన బిల్లు నాపుట పాపము. దాని వెనుక కూలివాండ్ర కుటుంబము లున్నవి.

ఇక కాలము. ఆలస్యమునకు నెలకింత యని వ్రాసికొనవచ్చును. అయినను 1872 నాటి ఒప్పందముల చట్టము 74వ సెక్షను ననుసరించి, న్యాయస్థానము ఆ మొత్తమునకు మించకుండ సమంజసమైన పరిహారమునే యిప్పించును. తొందరయు తగదు. కాంక్రీటును సాధారణ సిమెంటైనచో కనీసము 7 దినములును, బూడిద కలిసిన సిమెంటైనచో 10 దినములును తడుపవలయును.

స్థలము మనది, కట్టుట బిల్డరుది అయినచో మరింత జాగరూకత వలయును. మన వంతునకు వచ్చు ఫ్లాటులు ఏ అంతస్తున, ఏ దిక్కున నుండునో, ఎప్పటికి స్వాధీనము చేయునో, అంతవరకు మన యింటద్దె యెవరు భరింతురో స్పష్టముగా వ్రాసి రిజిస్టరు చేయించుడు. మన వంతును తాకట్టు పెట్టు నధికారము ముక్తారునామాలో నీయకుడు.

ఫ్లాటు కొనువారికి 2016 నాటి రెరా చట్టము అండగా నున్నది. అది వర్తించు నిర్మాణములలో, రిజిస్టరైన విక్రయ ఒప్పందము లేక బిల్డరు వెలలో నూటికి 10 వంతులకు మించి పుచ్చుకొనరాదు. స్వాధీనమైన 5 సంవత్సరములలోపల బయల్పడిన నిర్మాణలోపమును అతడు ఉచితముగా సరిచేయవలయును.

సంఘమునకు నా విన్నపమొకటి. మన న్యాయవాదులును ఇంజనీర్లును కలిసి తెలుగున నొక మాదిరి ఒప్పందపత్రమును సిద్ధపరచి సభ్యులకు పంచియీయవలెను. ఇంగ్లీషు రాని వితంతువు కూడ తాను దేనిపై సంతకము చేయుచున్నదో చదివి తెలిసికొనగలుగవలెను. వియ్యమందువేళ లగ్నపత్రిక వ్రాసికొను మనము, ఇల్లు కట్టువేళ ఒప్పందము వ్రాసికొనుటకు మొగమోటపడ నేల? బంధుత్వము కాగితముచే చెడదు. కాగితము లేక చెడిన బంధుత్వములే మన యూళ్ల పెక్కు.

స్వస్తి.