పంచుకొన్న బీగపుచెవి



మన కర్నూలు, కడప సీమలలో వాన కురియకున్నను పొలము మనదే. పట్టా చెడినచో మాత్రము మనది కాదు. 1984లో కరణీకము రద్దగువరకు ఊరి లెక్కలు ఒకే చేతిలో నుండెడివి. ఆ చేయి మంచిదైన ఊరు నెమ్మదిగా నుండెను. కానిచో కోర్టుల చుట్టు తిరిగెను.

2000వ సంవత్సరపు ఐ.టి. చట్టముతో కంప్యూటరు సంతకమునకు మన దేశమున చట్టబలము కలిగినది. దీనికి సిరా లేదు. ఒక రహస్యమైన పెద్ద సంఖ్యయే దాని బీగపుచెవి. దానిని దొంగిలించినవాడు అచ్చముగా మనవలెనే సంతకము చేయగలడు. కావున ఆ సంఖ్యను ఒక్కరియొద్ద నుంచక పలువురికి పంచు యంత్రకూటములు ఏర్పడినవి. అట్టి కూటమిపై ప్రోగ్రాములు వ్రాయువారికి పనిముట్లు సిద్ధపరచు బృందమునకు నేను పెద్దగా నున్నాను.

పంచుట యెట్లు? 1979లో ఆదీ షమీర్ అను గణితవేత్త వెల్లడించిన యుపాయమును పొలపు మాటలలో చెప్పెదను. ఒక పొలిమేర గీత కె.సి. కాలువ గట్టును ఎచ్చట తాకునో అదియే రహస్యమనుకొనుడు. ఆ గీతపై మూడు సర్వే రాళ్లు నాటి, ముగ్గురికి ఒక్కొక్కటి చూపితిమి. ఏ రెండు రాళ్లు తెలిసినను దారము పట్టి ఆ చోటు కనుగొనవచ్చును. ఒక్క రాయి తెలిసినవానికి గట్టుపై ప్రతి చోటును సమానమే. ఒకరు చెడినను రహస్యము బయటపడదు. ఒకరు లేకున్నను పని ఆగదు. మా కూటమిలో రాళ్లను ఒకచోటికి తేవలసిన పనియు లేదు. ఎవరి భాగముతో వారు లెక్క కట్టి పంపుదురు. ఆ ముక్కలు కలిసి ఒక్క సంతకమగును.

పలువురు సంతకము చేసిన చాలునా? 2022 మార్చిలో రోనిన్ అను వ్యవస్థలో తొమ్మిది బీగపుచెవులుండగా, అయిదు కలిసిన సొమ్ము కదలును. అందు నాలుగు ఒకే సంస్థ చేతిలో నుండెను. అయిదవదానిచే సంతకము పొందుటకు పూర్వమిచ్చిన అనుమతి రద్దుకాక మిగిలియుండెను. దొంగలు 60 కోట్ల డాలర్లకు మించి కొనిపోయిరి.

2025 ఫిబ్రవరిలో బైబిట్ అను సంస్థవారు బీగపుచెవులను పోగొట్టుకొననే లేదు. సంతకపు పనిముట్టును తయారుచేయువాని యంత్రములో దొంగలు చొరబడి, తెరపై ఒకటి చూపి మరియొకదానిపై సంతకములు పెట్టించిరి. పోయినది సుమారు 150 కోట్ల డాలర్లు.

ఈ రెండవది నన్ను మిక్కిలి కలతపెట్టును. ఏలయన చెడినది నావంటివారి పనిముట్టే. చదువురాని రైతుకు పత్రము వినిపింపక వేలిముద్ర వేయించు వ్రాయసగానికిని, దేనిపై సంతకమో చూపని పనిముట్టునకును భేదమేమి? కావున సంతకము పడు అంకెలను మనుష్యభాషలోనికి మార్చి చూపవలెననియు, దానిని వేరొక యంత్రముపై సరిచూడవలెననియు, పనిముట్టులో ఏ మార్పునైనను ఇద్దరు చదువక విడువరాదనియు మా బృందమున కట్టుబాటు చేసితిమి. పని మెల్లనగుచున్నది. తొందరపడువారు విసుగుకొనుచున్నారు. అయినను సడలింపలేదు.

రేపు మీ పొలపు పత్రము ఇట్టి సంతకముతో రావచ్చును. గణితమెట్లున్నను మీరడుగవలసినవి ఇవి: బీగపుచెవులు ఎందరియొద్ద నున్నవి? వారు నిజముగా వేరు వేరు ఇండ్లవారేనా? సంతకమునకు ముందు పత్రమును చదివినదెవరు? గుడి హుండీ తెరచునాడు మీరడుగు ప్రశ్నలే యివి. ఇచ్చటను మొగమాటపడక అడుగుడు.