మద్యమిచ్చువాని బాధ్యత



మద్యపానమును గూర్చి రాయలసీమలో జరిగిన ప్రసంగములకు లెక్కలేదు. అవి దాదాపు అన్నియు త్రాగువానిని నిందించునవే. కొలిచి అమ్మిన వర్తకుడు, విందునకు పిలిచి గ్లాసు నింపిన గృహస్థుడు, వీరికి చట్టము ముందు బాధ్యత యేమైన కలదా యన్నది నేటి విషయము.

ఒకప్పుడు ఈ సీమలో ఆ బాధ్యత మిక్కిలి కఠినముగా నుండెను. 1937లో రాజగోపాలాచారి మంత్రివర్గము మదరాసు మద్యనిషేధ చట్టమును తెచ్చి మొదట సేలము జిల్లాలో అమలుపరచెను. 1938లో అది కడప, చిత్తూరు జిల్లాలకు వచ్చెను. 1948 నాటికి కర్నూలుతో సహా రాష్ట్రమంతయు నిషేధము క్రిందికి చేరెను. ఆ చట్టము త్రాగినవానిని, అమ్మినవానిని మాత్రమేగాక, తన స్వాధీనమందున్న చోట ఇతరులు త్రాగుటకు సమ్మతించినవానిని గూడ నేరస్థునిగా నెంచెను. పెండ్లికో జాతరకో వచ్చిన చుట్టములను వసారాలో కూర్చుండబెట్టి సారా త్రాగనిచ్చిన ఇంటియజమాని, తాను చుక్క ముట్టకున్నను, కోర్టుమెట్లు ఎక్కవలసినవాడే. అతిథిమర్యాద యను సాకు అచట చెల్లదు.

చాటుమాటున కాపుసారా సాగినమాట నిజము. నిషేధమును ఎత్తివేయుమని రామమూర్తి సంఘము సలహా యిచ్చెను. ఈ ప్రశ్నమీదనే 1954 నవంబరు 6న, కర్నూలు రాజధానిగా నున్న ఆంధ్రరాష్ట్రమున, ప్రకాశము పంతులుగారి మంత్రివర్గము ఒక్క వోటు తేడాతో పడిపోయెను. నిషేధము మాత్రము 1969 వరకు నిలిచెను. 1995లో మరల వచ్చి 1997లో సడలెను. అది తొలగినప్పుడెల్ల, పోసినవాని బాధ్యతలో పెద్దభాగము దానితోనే తొలగిపోయెను. అమ్మవచ్చునా కూడదా యని వాదించినవారు, అమ్మినపిమ్మట జరుగుదానికి ఎవరు పూచీ యని అడుగుట మరచిరి.

ఆ ప్రశ్న 2025 అక్టోబరు 24 తెల్లవారుజామున కర్నూలు చెంత చిన్నటేకూరువద్ద మరల ముందుకు వచ్చెను. హైదరాబాదునుండి బెంగుళూరు పోవుచున్న బస్సు రోడ్డుపై పడియున్న మోటారుసైకిలును ఈడ్చుకొనిపోగా మంటలు లేచి 19 మంది ప్రయాణికులు ఆహుతియైరి. మోటారుసైకిలు నడిపినవాడు మద్యము సేవించియుండెనని పోలీసులు పరీక్షల మీద ప్రకటించిరి. అతడును ఆ రాత్రియే మరణించెను; శిక్షించుటకు మిగులలేదు.

ఇట్టిచోట చట్టము అమ్మినవానిని ఎంతవరకు అడుగును? ఇరువదియొక్క యేండ్లు నిండనివానికి మద్యము అమ్మరాదు. అమ్మిన లైసెన్సుకు ముప్పు. 1988నాటి మోటారు వాహనముల చట్టము 185వ సెక్షను ప్రకారము నూరు మిల్లీలీటర్ల రక్తమున 30 మిల్లీగ్రాములకు మించి మద్యముండగా వాహనము నడుపుట నేరము. 188వ సెక్షను ఆ నేరమునకు తోడ్పడినవానికిని అదే శిక్ష విధించుచున్నది. ఈ రెండవ సెక్షను ఎరిగినవారు అరుదు. అయినను ఊరక అమ్మినంతమాత్రమున అది వర్తింపదు. అతడు బండి నడుపబోవుచున్నాడని ఎరిగియు బుద్ధిపూర్వకముగా సాయపడినట్లు రుజువు కావలయును. బాధితుల కుటుంబములకు పరిహారము సాధారణముగా వాహన యజమానియు బీమా కంపెనీయు చెల్లింతురు. అంగడివాడు చెల్లించు జరిమానా ఖజానాకు పోవును.

కెనడాలో వేరొక దారి తొక్కిరి. తరచుగా వచ్చి మితిమీరి త్రాగు ఒక మనిషిని హోటలువారు రాత్రివేళ వెలుపలికి గెంటిరి. అతడు హైవేమీద నడచిపోవుచు కారు క్రింద పడెను. అతని స్థితి ఎరిగియు అపాయములోనికి నెట్టినందున నష్టములో మూడవవంతు హోటలు భరింపవలెనని 1973లో అచటి సర్వోన్నత న్యాయస్థానము తీర్పుచెప్పెను. అదే న్యాయస్థానము 2006లో, ఇంట విందు చేసిన గృహస్థుడు త్రాగి కారు నడిపిన అతిథివలని నష్టమునకు సామాన్యముగా బాధ్యుడు కాడనెను. లాభమునకు పోయువానికిని, స్నేహమునకు పోయువానికిని గల భేదము సమంజసమే. కాని ఎన్నికలవేళ సీసాలు పంచువాడు ఈ రెండింటిలో ఏ కోవకు చెందునో!

అమెరికాలోని ఇల్లినాయి రాష్ట్రము అంతకు చాల ముందే, 1872లో, త్రాగుబోతువలన జీవనాధారము కోల్పోయిన భార్యాబిడ్డలు మద్యమమ్మినవానిమీదనే దావా వేయవచ్చునని శాసించెను. 1992లో నెల్లూరుజిల్లా దూబగుంట స్త్రీలు సారా అంగడిని మూయింపుమని లేచిరి. ఉద్యమము వ్యాపించి 1993 అక్టోబరు 1నుండి సారా నిషిద్ధమయ్యెను. అంగడివానినుండి నష్టము రాబట్టుకొనుటకు ఆ స్త్రీలకు ఇల్లినాయి చట్టమువంటిది ఏదియు లేకుండెను. నేటికిని లేదు.