కొలువు తొలగింపు పత్రమును చదువు విధము



చార్మినారు చెంత నేడు పట్టములు స్వీకరించుచున్న మీకు ఉద్యోగము సంపాదించు ఉపాయమును గాక, అది ఊడునప్పుడు చేతికి వచ్చు ఆంగ్లపత్రమును చదువు విధమును చెప్పబూనుట అమంగళమని పెద్దలు కొందఱు భావింపవచ్చును. ఐనను ఆ పత్రము శకునములు చూచుకొని రాదు.

ఈ నగరమునకు కొలువు ఊడు అనుభవము క్రొత్త గాదు. చాందా రైల్వే పథకమును గూర్చి ప్రజలలో చర్చ లేవనెత్తినందులకు 1883లో అఘోరనాథ చటోపాధ్యాయుని అంతటి విద్యావేత్తను నిజాం ప్రభుత్వము సస్పెండు చేసి, నగరమునుండియే వెడలగొట్టి, తరువాత మరల కొలువునకు పిలిపించుకొన్నది. 1984 ఆగస్టులో గవర్నరు బర్తరఫు చేసిన ముఖ్యమంత్రి ఎన్.టి. రామారావు నెలకే మరల గద్దె నెక్కెను. తొలగింపు బహిరంగమైనచో దాని నెదిరించు దారియు బహిరంగముగనే యుండును.

ఇక పత్రములోని మాటల సంగతి. మన రాజ్యాంగపు 311వ అధికరణము, సర్కారు ఉద్యోగిని 'డిస్మిస్' చేయుటకైనను 'రిమూవ్' చేయుటకైనను సామాన్యముగా విచారణ జరిపి, వాని సమాధానము వినవలెనన్నది. మొదటి మాట పడినవానికి సర్కారు కొలువు మరల దొరకుట అరుదు, రెండవదానికి ఆ అడ్డు లేదు. 2025 వరకు అమలులోనుండిన 1947 నాటి పారిశ్రామిక వివాదముల చట్టము, 'రిట్రెంచ్‌మెంట్' పాలైన కార్మికునికి, ఏడాది సర్వీసు నిండియున్నచో, నెల నోటీసో నెల జీతమో గాక, ఏటికి 15 దినముల సగటు వేతనము చొప్పున పరిహారమును విధించినది. అదే చట్టమున 'లే ఆఫ్' అనగా పని చూపలేక కొంతకాలము ఆపుట మాత్రమే. పేరు హాజరుపట్టీలోనే నిలిచెడిది. మూసీకి ఆవల ఐటీ కొలువుల మాదాపురములో ఆ మాట విన్నవాడు మాత్రము, మెడలోని గుర్తింపుకార్డును, లాప్‌టాపును అప్పగించి ఇంటిదారి పట్టును!

వీటన్నిటికంటె మెత్తనిది వేఱొకటి కలదు. "మీరే రాజీనామా ఇచ్చెయ్యండి, రిలీవింగ్ లెటరులో మచ్చ లేకుండా చూస్తాం" అని హెచ్.ఆర్. వారు చల్లగా పలుకుదురు. సంతకము పడినంతనే నోటీసు, పరిహారము, విచారణ అన్నియు నీరుగారును. బలవంతముగా వ్రాయించుకొనిరని ఋజువుచేయు భారము కొలువు పోయినవాని నెత్తినే పడును. కావున నా మట్టుకు నాకు కఠినపదమే మేలు.

హెచ్.ఆర్. వారి గదిలో మిమ్ము తొందరపెట్టుదురు. కాగితము ఇంటికి కొనిపోయి చదివెదమని చెప్పుడు; నకలడుగుడు, తేదీ చూచుకొనుడు; రాజీనామా వ్రాయక తప్పనిచో, అది ఎవరు కోరగా వ్రాసినదో అందులోనే మీ దస్తూరితో వ్రాయుడు.